దిష్టి తియ్యడానికి నన్నే పిలిచారు

జర్మనీ ఎస్‌యూవీ కొనాలా, స్వీడన్‌ది కొనాలా అని రెండేళ్లుగా ఫోన్‌లో వీడియోలు చూస్తున్నాను. దాంట్లో పికప్ బాగుంటుంది, దీంట్లో సీట్లు మెత్తగా ఉంటాయి. రెండింటికీ కొత్త మోడల్ వస్తుందంటే ఆగాను. ఈ రోజు పొద్దున మైపాడు దగ్గర మా రొయ్యల గుంట పక్క గుంట రమణయ్య ఆ జర్మనీ బండినే తెచ్చి గట్టు మీద నిలబెట్టాడు. రంగు కూడా నేను అనుకున్న నీలమే!

కడుపు మండిపోయింది. పైకి మాత్రం నవ్వుతూ, "తొందరపడినావు రమణయ్యా. వచ్చే ఏడాది దీని ముఖమే మారిపోతాదంట. లోపల స్క్రీన్ కూడా పెద్దది ఇస్తారంట" అన్నాను.

"రొయ్య ఇంకొంచెం పెరుగుతాదని ఆగితే ఏమవతాదో మనకు తెలీదా అన్నా? సైజు వచ్చినప్పుడే పట్టేయాల" అన్నాడు.

మొన్నటి పంటలో అలాగే ఆగి, వైట్‌స్పాట్ రోగానికి గుంటంతా పోగొట్టుకున్నది నేనే.

అంతలో అతని భార్య బూడిద గుమ్మడికాయ తెచ్చి, "పెద్దోళ్లు, మీరే దిష్టి తియ్యండన్నా" అని నా చేతిలో పెట్టింది. నేను కాయ మీద కర్పూరం వెలిగించి బండి ముందు తిప్పుతుంటే ఆమె పక్కనే నిలబడి "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటోంది. ఆ పొరుగు నేనే! కాయను నేలకేసి గట్టిగా కొట్టాను. ముక్కలైంది.

సాయంత్రం నుంచి మళ్లీ అదే నీలం బండి వీడియోలు చూస్తున్నాను. పెట్టినవాడే తీస్తే దిష్టి పోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.