తుండు కట్టిన ఫర్నేసు

1983 వేసవిలో నన్ను విశాఖపట్నం పోర్టుకు దగ్గర్లో ఉన్న ఒక ఉక్కు పోతల కర్మాగారంలో, ఉష్ణమాపన విభాగానికి అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. పోత అంటే కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి తీసిన వస్తువు. ఓడలకూ క్రేన్లకూ వాడే బరువైన పోతల్ని గదంత ఫర్నేసులో పెట్టి ఎర్రగా కాల్చి, నెమ్మదిగా చల్లార్చాలి. లేకపోతే తర్వాతెప్పుడో బీటలు వారతాయి. లోపల ఎంత వేడి ఉందో చెప్పడం నా ఉద్యోగం. ఆడపిల్లకు ఈ పొగలో పనేమిటని అడిగినవాళ్లకు, పొగకు ఆడా మగా తేడా లేదని చెప్పి నా పని నేను చూసుకునేదాన్ని.

ఫర్నేసుకు బయట ఉక్కు రేకు, లోపల మందపాటి అగ్ని ఇటుకల గోడ. ఇటుకలు ఊడితే మేస్త్రీలు వెనకవైపు చిన్న తలుపు గుండా దూరి బాగుచేసేవారు. దానికి వాళ్ల పద్ధతులు వాళ్లకున్నాయి. లోపలికి వెళ్లేవాడు తన తుండుగుడ్డ తలుపు గొళ్లేనికి కట్టాలి. తుండు కనబడితే ఎవరూ మంట వెలిగించకూడదు. షెడ్డులో గాలి కొట్టే బ్లోయర్ల హోరుకు మాట వినపడదు కనుక, బయటివాడు రేకు మీద సుత్తితో మూడు దెబ్బలు కొడితే లోపలివాడు మూడు కొట్టి బదులివ్వాలి. నిక్షేపంగా ఉన్నానని దానర్థం. రూల్సు పుస్తకంలో లేకపోయినా అందరూ పాటించేవారు.

ఆ రోజు ఉదయం ఫోర్‌మన్ ప్రకాశరావుగారు మేస్త్రీ సింహాచలంతో "మంట ఆరింది" అన్నారట. అది నిజమే, ముందురోజే బర్నర్లు ఆపారు. కానీ సింహాచలం చెవిన పడింది "సల్లారింది" అని. వంటింట్లో పొయ్యి ఆరడానికీ, అన్నం చల్లారడానికీ తేడా తెలియనివాళ్లు ఉండరు. ఫర్నేసు దగ్గర మాత్రం ఆ తేడా ఆ పూట అందరూ మరిచిపోయారు.

భోజనాల తర్వాత కరెంటు పోయింది. బ్లోయర్లు ఆగాయి, క్రేను ఆగింది. అంత పెద్ద షెడ్డులో అంత నిశ్శబ్దాన్ని నేను అంతకుముందు వినలేదు. చేతి మీటరు పట్టుకుని ఫర్నేసు వెనక్కి వెళ్లేసరికి మేస్త్రీ పైడిరాజు రేకుకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. అతని అక్కనే సింహాచలం చేసుకున్నాడు. గొళ్లేనికి సింహాచలం తుండు కట్టి ఉంది. తలుపు మూసి ఉంది.

"మా బావ లోనున్నాడండి మేడమ్ గారూ. పొద్దుటేల నుంచీ అగుపడ్డం లేదు. తలుపెలా మూసుకుపోనాదో ఏటో, లోన్నుంచి కొడతన్నాడు, ఇనండి."

విన్నాను. టక్. కాసేపాగి మళ్లీ టక్. పైడిరాజు సుత్తితో మూడుసార్లు కొట్టాడు. లోపలి నుంచి టక్, టక్, టక్ అని వచ్చింది. దాచడమెందుకు, లోపల మనిషే ఉన్నాడని ఆ క్షణం నేనూ నమ్మాను.

రేకు మీద చెయ్యి వేశాను. ఎండలో నిలబెట్టిన బస్సు రేకంత వేడి కూడా లేదు. మోసమంతా అక్కడే ఉంది. ఒక డిగ్రీ వేడెక్కడానికి కిలో ఉక్కుకు ఎంత వేడి కావాలో, కిలో అగ్ని ఇటుకకు దాదాపు రెట్టింపు కావాలి. దీన్నే విశిష్టోష్ణం అంటారు. పైగా తాగిన వేడిని ఇటుక త్వరగా వదలదు. దింపిన గిన్నె చేత్తో పట్టుకోగలిగినా లోపలి ముద్దపప్పు నాలుక కాలుస్తుంది కదా, అలాగే. వేడి కొలవడానికి ఇటుకల్లో పాతిన తీగలకు మీటరు తగిలించాను. దానికి కరెంటు అక్కర్లేదు. ముల్లు నాలుగొందల డిగ్రీల దగ్గర ఆగింది.

"అందులో కొట్టేది మనిషి కాదు పైడిరాజూ," అన్నాను.

అతను నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "మనిసి కాకపోతే మరేటండి?"

ఇటుకా ఉక్కూ ఒకే తీరున చల్లారవు, ఒకే తీరున కుంచించుకుపోవు, బిగిసి ఆగిన ఇటుక మన దెబ్బకు జారి చప్పుడు చేస్తుంది అని చెప్పబోయాను. అతను వినే స్థితిలో లేడు. ఒక చెయ్యి గొళ్లెం మీద వేశాడు. "నానెల్తాను. తప్పుకోండి." ఆ తలుపు తీసి తల లోపల పెడితే అతను మళ్లీ బయటికి రాడు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. నా గొంతు విని ప్రకాశరావుగారు పరుగెత్తుకొచ్చి అతని నడుం పట్టుకున్నారు.

మాటలతో లాభం లేదని తుండు విప్పాను. నీళ్లలో ముంచి, ఇనప చువ్వకు చుట్టి, మంట చూసే కన్నంలోంచి లోపలికి దూర్చాను. మనం రోజూ వాడే వస్తువుల్లో నీళ్లంత వేడి తాగేది మరొకటి లేదు. కన్నంలోంచి బుస్సున ఆవిరి వచ్చి, కాసేపటికి ఆగిపోయింది. ఆ తర్వాత గుడ్డ కాలిన వాసన. చువ్వ బయటికి లాగితే కొసన నల్లటి పేలిక వేలాడుతోంది.

పైడిరాజు గొళ్లెం వదిలేశాడు. నేలమీద కూలబడి, "అయితే మా బావ సచ్చిపోనాడన్నమాట" అన్నాడు. నేను తలుపు తియ్యకుండా ఆపగలిగాను, అంతే. సింహాచలం లోపల లేడని నాకు మాత్రం ఏం తెలుసు? లోపలినుంచి ఇంకా టక్, టక్ మంటూనే ఉంది. ప్రకాశరావుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. నేను పెందుర్తిలో సింహాచలం ఇంటికి స్కూటరు మీద మనిషిని పంపించాను.

ఎండ తగ్గే వేళకు స్కూటరు తిరిగొచ్చింది. వెనక సీటులోంచి కనుబొమలు కాలిన సింహాచలం దిగాడు. పొద్దున తలుపు తీయగానే సెగ మొహాన కొట్టిందట. తలుపు మూసేసి, ప్రకాశరావుగారిని తిట్టుకుంటూ బస్సెక్కి ఇంటికి పోయాడు. పైడిరాజు లేచి వెళ్లి ముందు అతని భుజాలు తడిమి చూశాడు, తర్వాత వీపు మీద ఒక్కటి చరిచాడు.

"తుండెందుకు ఇప్పలేదురా బావా?"

"అది మంటెయ్యొద్దనిరా! నాను లోనున్నానని కాదు గదేటి!" అని, సింహాచలం చుట్టూ చూశాడు. "ఇంతకీ నా తుండేదిరా?"

ఎవరికైనా నవ్వు రావలసిన మాటే. అప్పుడే లోపలి నుంచి టక్, టక్, టక్ అని మూడుసార్లు వినిపించింది. ఎవరూ సుత్తి ముట్టలేదు. సింహాచలం మా ముందే నిలబడి ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇటుక ఎందుకు చప్పుడు చేస్తుందో నేను చెప్పగలను. సరిగ్గా మూడేసి ఎందుకో మాత్రం చెప్పలేను. మూడు వినాలని ఎదురుచూసే చెవికి మూడే వినబడతాయేమో.

ఆ తర్వాత మా విభాగంలో మూడు దెబ్బల పద్ధతి ఎత్తేశాం. బ్లోయరు ఆపి, తలుపు దగ్గర పేరు పెట్టి పిలవాలి. లోపలివాడు తన పేరు తాను చెప్పాలి. మీటరు చూడకుండా చల్లారిందన్న మాట ఎవరూ నోట అనకూడదని కూడా నిర్ణయించాం. రేకును ముట్టుకుని లోపలి వేడిని, చప్పుడు విని లోపలి మనిషిని అంచనా కట్టకూడదని ఆ ఫర్నేసు దగ్గర నేర్చుకున్నాను. నేను రిటైరయ్యేదాకా ఆ పద్ధతే నడిచింది. పిలిచే పని పైడిరాజు ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. మేస్త్రీలందరూ బయటికి వచ్చేశాక కూడా, తలుపు వేసేముందు లోపలికి ఒకసారి "ఎవులున్నారు?" అని అరిచి, కాసేపు చెవి ఒగ్గి ఉండేవాడు.