హీనా మేడమ్ ఇచ్చిన తప్పు మొదలు

వనపర్తిలో మా కాలేజీలో హీనా మేడమ్ ఏడేళ్లుగా గెస్ట్ లెక్చరర్. పొద్దున్నే పెద్దమందడి నుంచి బస్సులో వచ్చి లెక్కలు చెబుతుంది. ఎన్నేళ్లు చెప్పినా ప్రతి జూన్‌లో కొత్తవాళ్లతో పాటు డెమో క్లాసు ఇచ్చి మళ్లీ ఎంపిక కావాల్సిందే. ఈ పద్ధతి పెట్టినవాళ్ల మీద నాకు ఒళ్లు మంట. అయినా ఈసారి ఫిజిక్సు చెప్పే నన్ను కమిటీలో వేస్తే, నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆమె పాఠం చూడముచ్చటగా ఉంటుంది. సమీకరణానికి మూడు మూలాలుంటే ఒకదాని తర్వాత ఒకటి వెతికించదు, మూడింటినీ ఒకేసారి పట్టిస్తుంది. ముగ్గురు అమ్మాయిలను బోర్డు దగ్గర నిలబెట్టి తలా ఒక ఉజ్జాయింపు సంఖ్య ఇస్తుంది. ఎవరి సంఖ్యను వాళ్లు సమీకరణంలో వేసి, వచ్చినదాన్ని మిగతా ఇద్దరి సంఖ్యలతో తమకున్న తేడాలతో భాగించి, తమ సంఖ్యలోంచి తీసేయాలి. మేడమ్ చప్పట్లు కొట్టేదాకా ఎవరూ పాత సంఖ్య చెరపకూడదు. కొట్టగానే ముగ్గురూ ఒక్కసారే మార్చాలి. అలా కొన్ని రౌండ్లు తిరిగేసరికి ఎవరి మూలం దగ్గరికి వాళ్లు చేరతారు.

డెమో రోజు తీసుకున్నది, x ఘనంలోంచి ఎనిమిది తీస్తే సున్నా అనే సమీకరణం. ఊహా సంఖ్యలతో పిల్లలను బెదరగొడుతోందని నిరుటి డెమోలో ఎవరో రాశారట. ఆ భయంతో ఈసారి మామూలు సంఖ్యలే ఇచ్చింది. కావ్యకు మూడు, రమ్యకు మైనస్ ఒకటి, వీణకు మైనస్ రెండు.

మూడు రౌండ్లకు కావ్య రెండు దగ్గర నిలిచింది. రమ్య సంఖ్య మాత్రం మైనస్ మూడుంపావుకు పోయి, మైనస్ ఒకటిన్నరకు వచ్చి, అక్కడి నుంచి దాదాపు రెండుకు ఎగిరింది. వీణదీ అదే వరస. హైదరాబాద్ నుంచి వచ్చిన సబ్జెక్టు ఎక్స్‌పర్ట్ కావ్యను మెచ్చుకుని, మిగతా ఇద్దరూ లెక్క తప్పారని, వెళ్లి కూర్చోమని అన్నాడు. డెమో బాగుందంటూ మార్కులు వేయడానికి పెన్ను తీశాడు. రమ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మేడమ్ ఆ ఒక్క నిమిషం ఊరుకుంటే ఉద్యోగం ఆమెదే.

"కూసోకుండ్రి," అంది పిల్లలతో. "మీరు లెక్క తప్పలే. నేనిచ్చిన మొదలే తప్పు. మీరు చేరాల్సిన జాగ ఊహా సంఖ్యలది, మామూలు సంఖ్యల గీత మీద లేదు. గీత మీదికెళ్లి మొదలుపెడితే ఎన్ని రౌండ్లు తిరిగినా దాన్ని దాటలేరు."

బోర్డు తుడిచి, రమ్య సంఖ్యకు ఒక ఊహా సంఖ్య కలిపి, వీణ సంఖ్యలోంచి అంతే తీసి ఇచ్చింది. రెండు చప్పట్లకు ముగ్గురూ తమ తమ చోట్లకు చేరారు. ఎక్స్‌పర్ట్ ముఖం మాడ్చుకుని 'సబ్జెక్టు మీద పట్టు లేదు' అని రాశాడు. పక్కనే ఉన్న నేను చూశాను. నా వంతు మార్కులు పూర్తిగా వేశాను గానీ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

జాబితాలో ఆమె పేరు రెండోది వచ్చింది. ఉన్నది ఒకటే పోస్టు. మర్నాడు బస్టాండులో కనిపిస్తే ఉండబట్టలేక అడిగాను.

"జర ఊకుంటే నౌకరి నీకే వచ్చేది గదమ్మా."

"ఊకుంటే ఆ పిల్ల తనకు లెక్కలు రావనుకుంటది సార్. బతుకంత గట్లనే అనుకుంటది."

బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయింది. నాది ఇరవై ఆరేళ్ల సర్వీసు. ప్రాక్టికల్స్‌లో రీడింగు తేడా వచ్చిన పిల్లలను, తప్పు నీదేనని ఎంతమందిని వెనక్కి పంపానో లెక్కే లేదు. నేను వాళ్ల చేతికిచ్చిన పరికరం సరిగ్గా ఉందో లేదో ఒక్కసారీ చూడలేదు.