పిల్లి గుండెలో సుయ్‌మన్న చప్పుడు

నా చిన్నప్పుడు నేను గట్టిగా నవ్వితే మా ఇంట్లో భయపడేవాళ్లు. వేరేవాళ్లు ఎంత నవ్వినా ఎవరికీ పట్టింపు లేదు. ఒకసారి మా బడికి వచ్చిన డాక్టరు పిల్లలందరి ఛాతీల మీద గొట్టం పెట్టి విన్నాడు. నా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగి, ఈ పాప గుండెలో వేరే చప్పుడుంది, పెద్ద దవాఖానలో చూపించండి అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన చెప్పింది రెండు ముక్కలు. మా వాళ్ల చెవిలో మొదటిదే పడింది. చూపించండి అన్న ముక్క ఎక్కడో దారిలోనే జారిపోయింది.

జారిపోయిందంటే పట్టించుకోలేదని కాదు, భయపడ్డారు. హైదరాబాదు తీసుకుపోతే గుండె కోస్తారని మా నాయనమ్మకు ఎవరో చెప్పారు. కోసే మాట వినేకంటే పిల్లను కళ్లముందు పెట్టుకోవడమే మేలనుకున్నారు. మర్నాటి నుంచి నాకు బడి లేదు. ఉరకొద్దు, ఎక్కొద్దు, బిందె ముట్టుకోవద్దు. బతుకమ్మ పండుగకు మా వాడ ఆడపిల్లలంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నన్ను పట్టు లంగా కట్టి అరుగు మీద కూర్చోబెట్టేవాళ్లు. ఆ లంగా ఎంత బాగుండేదో, దాన్ని చూస్తే నాకు అంత మంట.

మిర్యాలగూడలో మా ఇల్లు రైసు మిల్లుల వైపు ఉండేది. మా నాయిన ఒక మిల్లులో పనిచేసేవాడు. సాయంత్రం వచ్చి, తల మీద తౌడు దుమ్ము కూడా దులుపుకోకుండా నా పలక మీద లెక్కలు వేసేవాడు. నాయనమ్మ దేవుడి పటాల ముందు కూర్చోబెట్టి పద్యాలు చెప్పేది. నాకు చదవడం, రాయడం వచ్చాయంటే వాళ్ల వల్లే. రోజూ వాళ్లకు దండం పెట్టుకుంటాను. అయినా బడి గంట వినబడినప్పుడల్లా పలక పగలగొట్టాలనిపించేది. ఆ రెండూ నిజమే.

నేను ఒంటరిగా ఉంటున్నానని మా నాయినే ఒకరోజు మిల్లు నుంచి బూడిద రంగు పిల్లికూనను తువ్వాలలో చుట్టి తెచ్చాడు. మిల్లుల్లో ఎలుకల కోసం పిల్లులు ఎప్పుడూ ఉంటాయి. మా అమ్మకు అది ఇష్టం లేదు. పాలు దేవునికి పెట్టాల్నా దీనికి పెట్టాల్నా అని సణుగుతూనే, ముందు దేవుడికి పెట్టి తరువాత దానికి పోసేది. అది గోడలెక్కేది, పెంకుల మీద ఉరికేది, తిరిగొచ్చి నా ఛాతీ మీద పడుకుని గురగురమనేది. నేను చేయకూడని పనులన్నీ నా బదులు అది చేసి వస్తున్నట్టు ఉండేది.

ఒకసారి అది గండుపిల్లితో కొట్లాడి వచ్చింది. ముందుకాలు వాచి చీము పట్టింది. ఒళ్లు కాలుతోంది, పాలు ముట్టడం లేదు. ఆ సమయానికి కోదాడ నుంచి మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, వచ్చి ఉంది. ఏదైనా అనుకుంటే ఆగే మనిషి కాదు. పశువుల దవాఖానకు తీసుకుపోదామని లేచింది.

"పిల్లికి దవాఖానేందే? నలుగురు నవ్వుతరు," అంది అమ్మ.

"నవ్వనియ్యక్కా. వాళ్ల పళ్లే కనపడతాయి, మనకేం పోద్ది?"

పిల్లి నా చేతుల్లో తప్ప ఎవరి దగ్గరా నిలవదు కాబట్టి నేను కూడా పోవాల్సి వచ్చింది. పోయేటప్పుడు రిక్షా, వచ్చేటప్పుడు రిక్షా, పిల్ల ఒక్క అడుగు కూడా ఉరకొద్దని అమ్మ చిన్నమ్మతో ఒట్టు వేయించుకుంది. కూరగాయల సంచిలో పిల్లిని కూర్చోబెట్టి, దాని తల మాత్రం బయట ఉంచి బయలుదేరాం.

దవాఖాన ముందు బర్రెలు, దూడలు, వాటి వెంట వచ్చిన రైతులు. మాడుగులపల్లి నుంచి దూడను తెచ్చిన ఒక పెద్దమనిషి మా సంచి వంక చూసి నోట్లోని చుట్ట తీసి, "ఏం బిడ్డా, పూటకెన్ని పాలిస్తది మీ బర్రె?" అన్నాడు. అందరూ నవ్వారు. "ఇవ్వదు బాబాయ్, మీ బర్రె ఇచ్చినయి తాగుద్ది," అంది మా చిన్నమ్మ. ఇంకా గట్టిగా నవ్వారు. ఆ పెద్దమనిషే జరిగి మాకు బల్ల మీద చోటిచ్చాడు.

డాక్టరు నడివయసు దాటిన మనిషి. పిల్లిని చూసి నవ్వలేదు. చీము తీసి, కడిగి, మందు పెట్టాడు. ఆ తర్వాత మెడలో గొట్టం తీసి దాని ఛాతీ మీద పెట్టాడు. భయానికో నొప్పికో అది గురగుర మొదలుపెట్టింది. పిల్లులు సంతోషంలోనే కాదు, బాధలో కూడా అలా అంటాయని ఆయన చెప్తేనే నాకు తెలిసింది.

"మోటరు బంద్ చేస్తలేదు గదా ఇది. ఏం వినొస్తలేదు," అని విసుక్కుని, పశువులను కడిగే రబ్బరు పైపు ఉన్న మూలకు పోయి నల్లా విప్పాడు. నీళ్లు బకెట్లో పడ్డాయి. పిల్లి చెవులు అటు తిప్పింది, గురగుర ఆగిపోయింది. ఆ ఉపాయం చూసి నాకు నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. నల్లా సన్నగా చేసి వచ్చి గొట్టాన్ని ఇటు పెట్టాడు, అటు పెట్టాడు, రొమ్ము ఎముక దగ్గర పెట్టి చాలాసేపు ఆగాడు.

"దీని గుండెల వేరే చప్పుడుంది," అన్నాడు.

నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన మాట అదే. అయిపోయింది, ఇక దీన్ని కూడా గోడ ఎక్కనివ్వరు అనుకున్నాను. చిన్నమ్మ మాత్రం సూటిగా అడిగింది, ఇది బతుకుతుందా, బతకదా అని.

"నాకు తెల్వదు," అన్నాడాయన.

ఆ మాటకు నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. డాక్టరైన మనిషి తెలియదంటే ఇంక ఎవరిని అడగాలి? నా మొహం చూశాడేమో, గొట్టం తీసి నా చెవుల్లో పెట్టాడు. టుక్కుటుక్కున పరిగెడుతోంది దాని గుండె. ఆ రెండు టుక్కుల నడుమ సుయ్‌మని గాలి ఊదినట్టు సన్నటి చప్పుడు. ఇంత చిన్న చప్పుడా అనుకున్నాను. నా గుండెలోది నేను ఎప్పుడూ వినలేదు.

అప్పుడు ఆయన నన్ను ఆ రబ్బరు పైపు దగ్గరకు తీసుకుపోయి చేతికిచ్చాడు. నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. నడుమ నొక్కమన్నాడు. నొక్కితే సుయ్‌మంది. వదిలేయమని నల్లా నిండా విప్పాడు. ఎక్కడా నొక్కలేదు, పైపుకు ఏ దెబ్బా లేదు, అయినా సుయ్‌మంది. నెత్తురు కూడా గుండెలో అట్లనే పోతుందన్నాడు. దారి ఇరుకైనా చప్పుడొస్తుంది, లోపలి తలుపులాంటి కవాటం సరిగా మూసుకోకపోయినా వస్తుంది, జ్వరానికో భయానికో నెత్తురు వడిగా పోయినా వస్తుంది. గుండె బాగున్న పిల్లుల్లో కూడా వినబడుతుంది. చప్పుడు పెద్దదైతే జబ్బు పెద్దదని కాదు, చిన్నదైతే చిన్నదని కాదు. అసలు ఏ చప్పుడూ లేని పిల్లి కూడా లోపల గుండె గోడ మందమై ఒక్కసారి పడిపోవచ్చు.

"చప్పుడున్నదని చెప్పేటందుకే ఈ గొట్టం. ఎందుకున్నదో లోపల చూస్తెనే తెలుస్తది. చూసే మిషను నా దగ్గర లేదు. కాలు మానినంక, జ్వరం తగ్గినంక మళ్ల తీసుకరాండ్రి, మళ్ల వింట."

అప్పటిదాకా కట్టేయాలా అని నేను అడిగాను.

"ఎందుకు కట్టేస్తవ్? కట్టేస్తె గుండె బాగైతదా? పండుకున్నప్పుడు దాని డొక్క చూడు. ఊపిరి నిమ్మలంగ ఆడుతున్నదా, ఎగపోస్తున్నదా. నోరు తెరిసి రొప్పినా, ఎనక కాళ్లు పడిపోయినా ఆగకుండ తీసుకరా. లేదంటె దాని మానాన దాన్ని తిరగనియ్యి."

చిన్నమ్మ పిల్లిని సంచిలో పెడుతోంది. నేను కదల్లేదు. నా గుండెలో కూడా చప్పుడుందట, నాది కూడా వినమని అడిగాను. ఆయన గొట్టం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేను పశువుల డాక్టర్ను బిడ్డా. నీది నేను వినొద్దు," అన్నాడు. తర్వాత చిన్నమ్మ వైపు తిరిగి, ఈ పిల్లను ఎక్కడ చూపించారని అడిగాడు. ఎక్కడా లేదని చిన్నమ్మ తల వంచుకుంది.

ఆయన గొంతు పెంచలేదు. "పిల్లిని సంచిల పెట్టుకోని దవాఖానకు తెచ్చిన్రు. పిల్లనేమో ఇంట్ల పెట్టిన్రు," అన్నాడు. అని చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరకు పోయాడు.

ఇంటికి రాగానే మా చిన్నమ్మ, పిల్లను హైదరాబాదు తీసుకుపోవాల్సిందేనని పట్టుబట్టింది. అమ్మ ఏడ్చింది, నాయనమ్మ ముడుపు కట్టానంది, కోసేస్తారంది. చిన్నమ్మ వినలేదు. గొడవంతా అయ్యాక, అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉన్న మా నాయిన చెప్పులు విడుస్తూ, "పిల్లికి రిక్షా దొరికింది, పిల్లకు బస్సు దొరకదా," అన్నాడు. అంతే. ఆ వారంలోనే హైదరాబాదు బస్సెక్కాం.

పెద్ద దవాఖానలో విన్నారు, ఫొటోలు తీశారు, ఏవో తీగలు అంటించి చూశారు. గుండె బాగుంది, సన్నటి పిల్లల్లో ఇలాంటి చప్పుడు మామూలే, ఉరకనివ్వండి అన్నారు. మా అమ్మ దవాఖాన మెట్ల మీదే కూర్చుని దేవుడికి మొక్కింది. నేను కూడా మొక్కాను, కాని పళ్లు కొరుక్కుంటూ మొక్కాను. ఇంత చిన్న మాట తెలుసుకోవడానికి నా బడి, నా ఆట అన్నీ పోవాలా? తిరిగి బడికి పోతే నా తోటివాళ్లు పైతరగతుల్లో ఉన్నారు. చిన్నపిల్లల పక్కన కూర్చోమన్నారు. ఇంత పొడుగు పిల్ల వాళ్ల నడుమ ఏం కూర్చుంటుందని ఇంట్లో ఊరుకున్నారు. భయం పోయింది, బడి మాత్రం తిరిగి రాలేదు.

పిల్లి కాలు మానాక మళ్లీ తీసుకుపోయాం. ఈసారి చప్పుడు వినీ వినబడనట్టు ఉందన్నాడు డాక్టరు. పోయిందని చెప్పమంటే చెప్పలేదు. ఊపిరి మాత్రం చూస్తుండమన్నాడు. అది ముసలిదయ్యేదాకా బతికింది, పెంకుల మీద ఉరుకుతూనే ఉంది.

ఇప్పుడు నేను సూర్యాపేటలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా మనవరాలి పిల్లికి టీకా వేయించడానికి పోతే అక్కడి డాక్టరు గొట్టం పెట్టి విని, గుండెలో చప్పుడుంది, హైదరాబాదులో స్కాన్ చేయించండి అన్నాడు. ఇంటికి వచ్చేసరికి మళ్లీ అదే తంతు. కోడలు ఫోనులో వెతికి ఇక బతకదని కన్నీళ్లు పెట్టుకుంది. అబ్బాయి, హాయిగా తిని తిరుగుతున్నదానికి స్కాన్ ఏమిటని కొట్టిపారేశాడు. మనవరాలు బాల్కనీ తలుపు మూసేసి పిల్లిని గదిలో పెట్టింది. ఇన్నేళ్ల తరువాత కూడా మొదటి ముక్కే వింటున్నారు కదా అని నాకు ఒళ్లు మండింది. వింటే తెలియదు, చూస్తేనే తెలుస్తుంది, పదండి అని నేనే ముందు పోయి కారులో కూర్చున్నాను.

స్కాన్‌లో గుండె గోడ కొంచెం మందంగా ఉందని తేలింది. ఇప్పుడైతే మందులు అక్కర్లేదు, కొన్నాళ్లకు మళ్లీ చూద్దామన్నారు. జబ్బు ఉన్నట్టా లేనట్టా అని మా అబ్బాయి దారంతా విసుక్కున్నాడు. ఆ విసుగు నాకు కొత్త కాదు. మూసిన గది తలుపు తీయించాను, బాల్కనీకి వల కట్టించాను. అది నిద్రపోయినప్పుడు డొక్క ఎలా ఆడుతుందో చూడడం మనవరాలికి నేర్పాను.

నా బడి మీద కోపం నాకు ఇంకా ఉంది. కోపం పోయాకే దండం పెట్టుకుందామంటే నాకు ఈ జన్మ చాలదు. అందుకని కోపాన్నీ దండాన్నీ రెండింటినీ పట్టుకుని దేవుడి ముందు కూర్చుంటాను. పొద్దున దీపం పెట్టి నాయినను, నాయనమ్మను, చిన్నమ్మను పేరుపేరునా తలుచుకుంటాను. ఆ డాక్టరు పేరు నాకు తెలియదు. అడగాలన్న ఆలోచన కూడా అప్పుడు రాలేదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పిన ఆ మనిషిని చల్లగా చూడు స్వామీ అంటాను. ఎవరి గురించి అంటున్నానో ఆ స్వామికి తెలుసు.