నల్లవేలు నతానియేలు గారు

ఆటోనగర్లో మెకానిక్ నతానియేలు గారికి ఉన్న జబ్బు ఒక్కటే. అనుమానం. బీపీ లేదు, షుగరు లేదు. బీపీ లేదని డాక్టరు గారు చెబితే ఆ ముక్క కూడా నమ్మలేదాయన. "మీ మిషను సరిగ్గా పని చేస్తోందంటారా? ఏదీ, ఒకసారి మీ చేతికి చుట్టుకోండి" అన్నారు. చుట్టుకుంటే డాక్టరు గారికే బీపీ ఉందని తేలింది. ఇప్పటికీ ఆయన మాత్రలు వేసుకుంటున్నారు, పాపం.

పోనీ అనుమానాన్ని మనసులో పెట్టుకుని ఊరుకుంటారా అంటే, అబ్బే! వేలు పెట్టి చూస్తారు. ఊరికే మాటకి అనడం లేదు, నిజంగా వేలే. సైలెన్సరు గొట్టంలో పెడతారు, గ్రీజు డబ్బాలో పెడతారు. ఒక పెళ్ళిలో సాంబారు గంగాళంలో కూడా పెట్టబోతే వంటాయన గరిటె పట్టుకుని వెంటపడ్డాడు. మసి పట్టీ పట్టీ ఆయన కుడిచేతి చూపుడువేలు ఎంత నల్లబడిందంటే, ఆధార్ సెంటర్లో వేలిముద్రల మిషను అది మనిషి వేలని ఒప్పుకోలేదు.

అందుకే చర్చిలో అందరూ ఆయన్ని "తోమా గారూ" అని పిలుస్తారు. ప్రభువు లేచాడని తోటి శిష్యులంతా చెప్పినా, గాయంలో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనన్నాడే, ఆ తోమా పేరన్నమాట. నతానియేలు గారికి దాని మీద కోపమేం లేదు. "తోమా చేసిన తప్పేంటండీ? చూడకముందు నమ్మలేదు. చూశాక ఒప్పుకున్నాడా లేదా?" అంటారు.

డ్రైవరు ఇస్సాక్‌కి ఈ భోగట్టా అంతా తెలియదు. తెలిసిందల్లా, తన ఉద్యోగం ఇవాళ ఆ నల్లవేలి కొసన వేలాడుతోందని మాత్రమే.

ఇస్సాక్ తెరేసమ్మ గారి పికప్ బండి తోలుతాడు. ఆవిడది చేపల మేత వ్యాపారం. విజయవాడలో బస్తాలెత్తితే కైకలూరు వైపు చెరువుల దాకా వెళ్ళి దించాలి. బండి కొన్నప్పట్నుంచీ స్టీరింగు పట్టుకున్నది ఇస్సాకే. ఆ బండి ఈ వానాకాలం నుంచి లోడుతో లాగనని మొరాయిస్తోంది. డీజిలు మాత్రం తెగ తాగుతోంది.

"తాగుతున్నది బండేనా అక్కా?" అన్నాడు తెరేసమ్మ గారి తమ్ముడు యేసుకుమార్.

అంతే. ఆ ఒక్క ముక్కకి ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడోనాడు బండినీ, ఇస్సాక్‌నీ, తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని నతానియేలు గారి షెడ్డుకి వచ్చేశారు. వచ్చీ రాగానే ఆయన్ని పక్కకి పిలిచి గుసగుసలాడారు. తెరేసమ్మ గారి గుసగుస పక్క షెడ్డులో లేతు మిషను ఆడుతున్నా వినపడుతుంది.

"నతానియేలు గారూ, ట్యూనింగు సంగతి సరే. మీ కంప్యూటరేదో పెట్టి నిజం తేల్చండి. డీజిలు బండి తాగుతోందా, మధ్యలో ఇంకెవరైనా తాగుతున్నారా?"

"అనుమానించాల్సిందేనండీ! గట్టిగా అనుమానించాల్సిందే!" అన్నారు నతానియేలు గారు. పండగ ఇంటికొచ్చినంత సంబరంగా అన్నారు.

ఇదంతా ఇస్సాక్ చెవిన పడింది. దొంగ అనే మాట ఒకసారి అంటుకుందా, మేత కొట్లలో ఎవరూ బండి తాళం చేతికివ్వరు. ఇంట్లో భార్య ఇష్రత్ మొహం ఎలా చూడాలి? నిజం తన పక్కనే ఉందని వాడికి తెలుసు. కానీ అనుమానమంటే ఇంత సంబరపడే ఈ మనిషి ముందు ఆ నిజం నిలుస్తుందా అని వాడి భయం.

అనుకుంటూ ఉండగానే నతానియేలు గారు దగ్గరికొచ్చి వాడి చొక్కా చేతిని ముక్కు దగ్గరికి లాక్కున్నారు.

"డీజిలు వాసన!"

"అది కాదు సార్, పొద్దున డీజిలు ఫిల్టర్లో నీళ్ళు..."

"చూశావా అక్కా!" అని ఎగిరి గంతేశాడు యేసుకుమార్.

నతానియేలు గారు జేబులోంచి ఫోను తీసి నోటి దగ్గర పెట్టుకున్నారు. "ఇస్సాక్ భాయ్ చొక్కా, కుడి మోచెయ్యి, డీజిలు వాసన. రికార్డయింది."

ఈ రికార్డు గురించి చెప్పాలి. ఆయన స్టీరింగు కింద స్కానర్ తగిలిస్తారు. ఇంజను ఎంత తిరుగుతోంది, టర్బో ఎంత గాలి తోస్తోంది, ఎంత వేడెక్కింది, అన్నీ ఒళ్ళోని ల్యాప్‌టాప్‌లోకి వచ్చి పడతాయి. అయితే ల్యాప్‌టాప్ మీద అనుమానం. అందుకని ప్రతి అంకె ఫోన్లోకి అరిచి చెబుతారు. ఆ ఫోను మీదా అనుమానమే కనుక ఇంకో పాత ఫోను కూడా ఆన్ చేసి పెడతారు.

"ఏవీ విప్పకుండానే రికార్డేంటండీ?" అన్నారు తెరేసమ్మ గారు.

"ముందు ఉన్నది ఉన్నట్టు రికార్డు చెయ్యాలమ్మా. ఆ తర్వాత ఒక్కటే మార్చాలి, మళ్ళీ రికార్డు చెయ్యాలి. నాలుగూ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో ఆ దేవుడికే తెలియాలి. అదే రోడ్డు, అదే లోడు, అదే బంకు, అదే మనుషులు."

"మనుషులు కూడానా?"

"మీరు వస్తానంటే మీరూ లోడేనండీ."

వస్తారా అంటే, తెరేసమ్మ గారు రాకుండా ఉంటారా! ఇస్సాక్ స్టీరింగు ముందు, ఆవిడ కిటికీ పక్కన, మధ్యలో ల్యాప్‌టాప్‌తో నతానియేలు గారు ఇరుక్కున్నారు. యేసుకుమార్ వెనకాల మేత బస్తాల మీద కూర్చున్నాడు. బంకులో ట్యాంకు నిండా కొట్టించాక కూడా నతానియేలు గారు బండిని పట్టుకుని ఊపుతూనే ఉన్నారు. లోపల గాలి బుడగ దాక్కుందని అనుమానం. బంకు కుర్రాళ్ళు దిష్టి తీస్తున్నారనుకుని చూస్తూ నిలబడ్డారు.

బండి ఉయ్యూరు దారి పట్టింది.

"మూడో గేరు. పద్దెనిమిది వందల ఆర్పీఎం. టర్బో గాలి తక్కువ. గేదె అడ్డమొచ్చింది. ఇస్సాక్ భాయ్ దగ్గారు."

"దగ్గు కూడా చెప్పాలా సార్?" అన్నాడు ఇస్సాక్ బిక్కచచ్చిపోయి.

"దగ్గితే కాలు కదుల్తుంది. కాలు కదిలితే ఆక్సిలేటరు కదుల్తుంది. అనుమానం!"

కంకిపాడు వచ్చేసరికి అందరి గొంతులూ ఎండిపోయాయి. "ఒక్క టీ తాగి పోదాం" అన్నారు తెరేసమ్మ గారు.

"కుదరదండీ. టీ తాగితే బరువు మారుతుంది."

"గ్లాసుడు టీకే?"

"రెండో ట్రిప్పులో ఇక్కడే ఆగి ఇంతే టీ తాగుతామని మీరు గ్యారంటీ ఇవ్వగలరా?"

హోటలు ముందు టీ పొంగుతున్న వాసన కిటికీలోంచి వచ్చి మళ్ళీ కిటికీలోంచే పోయింది. వెనక బస్తాల మీంచి యేసుకుమార్ క్యాబిన్ అద్దం మీద కొడుతూనే ఉన్నాడు. ఎవరూ బండి ఆపలేదు.

తిరిగొచ్చి అదే బంకులో మళ్ళీ నిండుగా కొట్టించారు. డీజిలు బాగానే తాగింది, అదీ రికార్డయింది. షెడ్డుకొచ్చాక నతానియేలు గారు ల్యాప్‌టాప్‌లో గీతలు చూసి "టర్బో తోస్తున్న గాలి ఇంజను దాకా రావడం లేదు. దారిలో ఎవడో కాజేస్తున్నాడు" అన్నారు. కాజేయడం అనే మాటకి ఇస్సాక్ ఉలిక్కిపడ్డాడు. ఆయన బానెట్ ఎత్తి, గాలి గొట్టం పొడుగునా నల్లవేలు రాసుకుంటూ పోయారు. అడుగువైపు ఒకచోట వేలు లోపలికి దిగబడింది.

"దొరికాడు!"

గొట్టం చీలింది. కొత్తది వేశారు. మళ్ళీ అదే ఊరేగింపు మొదలైంది.

"యేసుకుమార్ గారూ, ఇందాక చెప్పులున్నాయి మీ కాళ్ళకి. ఏవీ?"

"కాలుతున్నాయని విప్పేశానండీ."

"వేసుకోండి. లోడు తగ్గింది."

ఈసారి బండి లాగింది. అలా ఇలా కాదు, లోడుతో ఉందన్న సంగతే మర్చిపోయినట్టు లాగింది. ఇస్సాక్‌కి ప్రాణం లేచొచ్చింది. కానీ బంకులో నింపాక లెక్క చూస్తే, కాస్త మెరుగే కానీ మైలేజీ ఇంకా రావాల్సినంత రాలేదు.

నతానియేలు గారు గడ్డం గోక్కుంటూ నెమ్మదిగా అన్నారు. "మనమంతా కళ్ళప్పగించి కూర్చుని ఉండగానే పోయింది. అంటే దొంగ మనతోపాటే ఉయ్యూరు వెళ్ళి, మనతోపాటే తిరిగొచ్చాడు."

తెరేసమ్మ గారు హ్యాండుబ్యాగు గుండెలకి హత్తుకుని ఇస్సాక్ వైపు చూశారు. ఇస్సాక్ యేసుకుమార్ వైపు చూశాడు. వెనకాల ఒంటరిగా, ట్యాంకుకి దగ్గరగా కూర్చున్నది వాడే కదా! యేసుకుమార్ నతానియేలు గారి వైపు చూశాడు. నతానియేలు గారు మాత్రం ఎవరివైపూ చూడకుండా వంగుని బండి కిందకి చూస్తున్నారు.

"డీజిలు ఎక్కువైందనే అనుకుంటున్నాం. కిలోమీటర్లు తక్కువయ్యాయేమో ఎవరైనా చూశారా?"

"కిలోమీటర్లు ఎవరెత్తుకుపోతారండీ?" అన్నాడు యేసుకుమార్. "ఫోన్లో మ్యాపు చూస్తే పోలా?"

"ఎక్కడో ఆకాశంలోంచి ఎవరో చెబితే నేను నమ్మాలా?"

"ఆకాశం నుంచి వచ్చిన మాట కూడా నమ్మరా తోమా గారూ?" అన్నారు తెరేసమ్మ గారు ఉండబట్టలేక.

ఆయన వినిపించుకోలేదు. సుద్దముక్క తెచ్చి టైరు మీద గీత పెట్టారు, దాని కిందే నేల మీద ఇంకో గీత పెట్టారు. టైరు మీది గీత మళ్ళీ కిందికొచ్చేదాకా ఇస్సాక్ చేత బండి మెల్లగా ముందుకు తోలించి, టేపుతో కొలిచారు. టేపు మీద అనుమానమొచ్చి ఇంకో టేపుతో కొలిచారు. తర్వాత డ్రైవరు డోరు దగ్గర కంపెనీవాళ్ళు అంటించిన టైరు సైజు చదివి, బండికున్న టైరు సైజు చదివి, లేచి నిలబడ్డారు.

"ఈ టైర్లు బండితో వచ్చినవి కావు. పెద్దవి. ఎప్పుడు మార్చారు?"

ఇస్సాక్ యేసుకుమార్ వైపు చూశాడు. యేసుకుమార్ తల గోక్కున్నాడు.

"వానలకి ముందు... చెరువు గట్ల మీద బురదలో దిగబడకుండా ఉంటాయని... కొంచెం లుక్కు కూడా ఉంటుందనీ..."

"అదండీ సంగతి!" అన్నారు నతానియేలు గారు. "మీటరు లెక్కపెట్టేది చక్రం తిరిగిన చుట్లనే. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి మీటరుకి ఎవరూ చెప్పలేదు. అది పది అంటుంటే బండి పదకొండు దాకా పోతోంది. పెద్ద టైర్లతో లాగడమూ బరువే. తెరేసమ్మ గారూ, మీ డీజిలు పోలేదమ్మా. మీ కిలోమీటర్లు పోయాయి!"

ఇస్సాక్ అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో వాడికి తెలియలేదు.

తెరేసమ్మ గారు తమ్ముడి వైపు తిరిగారు. "ఒరే యేసూ! టైర్లు మార్చింది నువ్వు, నింద వేసింది ఇస్సాక్ మీదా? ఇందులో నీకేం ముట్టిందిరా? ఆ టైర్ల కొట్టువాడు నీకు..."

"ఆగండాగండి!" నల్లవేలు అడ్డం లేచింది. "మనుషుల దాకా ఇంకా రాలేదు మనం."

"అంటే?"

"నా దగ్గర అనుమానానికి క్యూ ఉందండీ. ముందు గొట్టాలు, తర్వాత ఫిల్టర్లు, బంకు, మీటరు, టైర్లు, ఆఖరికి నా టేపు కూడా. మనిషి అన్నింటికన్నా వెనక నిలబడాలి. ఇన్నేళ్ళయింది, ఆ చివరిదాకా రావడానికి నాకు తీరికే దొరకలేదు. మనిషిని అనుమానించడం మహా తేలికమ్మా, ఒక్క బోల్టు విప్పక్కర్లేదు. అందుకే అందరూ అక్కణ్ణుంచి మొదలెడతారు."

తెరేసమ్మ గారు తల దించుకున్నారు. యేసుకుమార్ అయితే చెప్పుల్లో దాక్కోవడానికి చోటు వెతుక్కుంటున్నట్టు నిలబడ్డాడు.

"మరి నా చొక్కా సంగతి రికార్డు చేశారు కదా సార్?" అన్నాడు ఇస్సాక్.

"ఎందుకు చెయ్యను భాయ్? పొద్దున్నే లేచి ఫిల్టర్లో చేరిన నీళ్ళు తీసేసే డ్రైవరు చొక్కాకే డీజిలు వాసన ఉంటుంది. దొంగతనంగా అమ్ముకునేవాడు సెంటు కొట్టుకుని వస్తాడు."

అప్పుడు తెరేసమ్మ గారు బండి తాళం ఇస్సాక్ చేతిలో పెట్టారు. "పొద్దున్నే కైకలూరు లోడుంది ఇస్సాకూ. త్వరగా రా" అన్నారు. "తప్పయిపోయిందయ్యా" అని అందరిలాగే మామూలు గొంతుతో అన్నారు. ఆవిడ అంత చిన్నగా మాట్లాడటం అక్కడెవరూ అంతకుముందు వినలేదు. ఆ వెంటనే తన గుసగుసలోకి వచ్చేసి, "బస్తాలు మాత్రం యేసుగాడే ఎత్తుతాడు!" అన్నారు. పక్క షెడ్డువాళ్ళు కూడా తలూపారు.

ఈలోగా నతానియేలు గారు ఎదురు హోటలుకి కేకేసి అందరికీ టీ తెప్పించారు. ఒక గ్లాసు తీసి ఇస్సాక్ ముందు పట్టుకున్నారు.

"తాగండి భాయ్. ఇప్పుడు మీ బరువుతో ఎవరికీ పని లేదు."

ఇస్సాక్ చెయ్యి చాచాడు. నతానియేలు గారు గ్లాసు ఇవ్వబోయి, ఎందుకో మళ్ళీ వెనక్కి లాక్కున్నారు. మొహం చిట్లించి గ్లాసులోకి చూశారు.

"మరీ వేడిగా ఉందేమో. నాలుక కాలుతుంది మీకు. ఉండండి, ఒకసారి చూసి..."

నల్లవేలు గ్లాసు అంచు దాకా వచ్చింది.

"వద్దు సార్, నేను నమ్ముతున్నా!" అని గ్లాసు లాక్కుని గటగటా తాగేశాడు ఇస్సాక్.

నాలుక కాలింది.