ఫోన్‌లో ఆకు

కరెంటు పొదుపు చేయించే యాప్‌లో ఏ బొమ్మ ఎక్కడుండాలో, ఏ రంగులో ఉండాలో తేల్చడం అతని పని. మనిషిని పల్లెత్తు మాట అనకుండానే దారికి తేవాలన్నది అతని సిద్ధాంతం. అందుకే హెచ్చరికలూ మోతలూ తీసేసి, తెర మూలన గోరంత ఆకు పెట్టాడు. ఇంట్లో కరెంటు ఎక్కువ కాలితే అది పసుపెక్కుతుంది, తగ్గితే పచ్చబడుతుంది. మాట్లాడేటప్పుడు చూపుడువేలితో గాల్లో ఆ ఆకునే గీస్తుంటాడు. టీ కలిపినా స్పూను చప్పుడు కానివ్వడు.

ఆ మధ్యాహ్నం తలనొప్పిగా ఉందని ఆఫీసు నుంచి ముందే వచ్చేసరికి, హాల్లో అత్తగారు ఫ్యాన్ కట్టేసుకుని, ఒళ్లో ఫోన్‌లోని ఆకునే చూస్తూ, చెమటతో తడిసి ముద్దై, మడిచిన పేపరుతో విసురుకుంటున్నారు.

"అదేంటత్తయ్యా, ఈ ఉక్కలో?"

"పొద్దున్నుంచీ మీ ఆకు వాడిపోయే ఉంది బాబూ. టీవీ కట్టేశా, ఫ్యాన్ కట్టేశా, తేరుకోదే! మనింట్లోనే ఇలా ఉంటే నలుగురిలో మీకెంత తలవంపులు?"

అతను బ్యాగు పెట్టడానికి తన గది తలుపు తీశాడు. చల్లగాలి మొహాన కొట్టింది. పొద్దున తను ఆపడం మరిచిన ఏసీ, ఖాళీ మంచానికి ఊడిగం చేస్తోంది. గబుక్కున ఆపేసి, ఆ చల్లదనం హాల్లోకి రాకుండా తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాడు.

"పచ్చబడింది బాబూ!" అత్తగారు చిన్నపిల్లలా ఫోన్ చూపించారు. "ఇంకాస్త ఓర్చుకుంటే అదే తేరుకుంటుందనుకున్నా."

అతను ఫ్యాన్ వేశాడు.

"వద్దు బాబూ, మళ్లీ వాడిపోతుంది."

"వాడిపోదు లెండి," అన్నాడు నేల చూస్తూ.