బుట్టలో గూడబాతు పిల్ల

టెక్కలి దగ్గర మా అత్తవారి ఊళ్ళో వానలు పట్టేసరికి ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు దిగుతాయి. చింతచెట్ల మీద గూళ్ళు పెట్టి, పిల్లల్ని చేసుకుని, ఎండలు ముదరకముందే వెళ్ళిపోతాయి. ఊరివాళ్ళు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. దీపావళికి ఒక్క టపాకాయ కాల్చరు.

ఆ ఏడు మా ఆవిడా పురిటికి అక్కడికే వెళ్ళింది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. విజయనగరంలో ఒక్కణ్ణీ ఉండలేక ఆదివారమైతే చాలు, మెడలో కెమెరా వేసుకుని తొలి బస్సెక్కేవాణ్ణి. పక్షుల ఫొటోల కోసమని అందరికీ చెప్పేవాణ్ణి. ఎవరు నమ్మారో దేవుడికెరుక!

గూటికేసి కెమెరా ఎత్తానో లేదో, అత్తయ్య కొంగు అడ్డం పెట్టేది.

"పురిటి మంచం ఫొటో తీత్తారేటి బావూ? పిల్లలెగిరిపోనాక తీసుకో."

"ఎగిరిపోయాక ఏముంటుందండీ, కొమ్మలు తప్ప?"

"కొమ్మలే తీసుకో."

చేసేదిలేక ఊరంతా తిరిగాను. వానల్లో వరిమళ్ళలో నత్తలేరుకునే కొంగల్నీ, కోతలయ్యాక మోళ్ళ మధ్య పాకే ఉడుమునీ, మంచుకి తీగ మీద ముడుచుకున్న పాలపిట్టనీ తీశాను. ఒక్కటీ కుదర్లేదు. మనసు ఇంటి దగ్గర, కళ్ళు మాత్రం పొలంలో.

చలికాలంలో ఒక గాలివానకి గూడు కూలి, ఇంకా ఈకలైనా రాని పిల్లొకటి కిందపడింది. అత్తయ్య దాన్ని బుట్టలో పెట్టి, చేపముక్కలు నోటికందించింది.

"బతుకుతాదా అమ్మా?" అంది మంచం మీంచి మా ఆవిడ. అత్తయ్య ఇంకో చేపముక్క తుంచింది.

ఛీ, చదువుకున్నవాణ్ణి, నాకిదేం పిచ్చి! అయినా ఆ పిల్ల బతికితేనే మా బిడ్డ బతుకుతుందని మనసులో పడిపోయింది, ఎంత తిట్టుకున్నా పోలేదు. ఫోన్లో మా ఆవిడ సంగతి అడిగి, ఆనక గొంతు తగ్గించి బుట్ట సంగతి అడిగేవాణ్ణి.

"తింతన్నాది. కాలుకాలిన పిల్లిలాగ ఏటి నీ ఆరాటం? నిబ్బరంగుండు," అని కసిరేది అత్తయ్య.

ఒక ఆదివారం వెళ్ళేసరికి ఇంటికి తాళం. అరుగు మీద బుట్ట లేదు. పొరుగింటికి పరిగెత్తాను.

"నొప్పులొచ్చినాయి, ఆటోలో టెక్కలి ఆసుపత్రికి ఎల్లినారు," అంది పొరుగావిడ.

"మరి బుట్ట?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "బుట్టేటి బావూ? ముందు నువ్వెల్లు!"

ఆసుపత్రి వరండాలో అత్తయ్య గోడకి చేరగిలబడి ఉంది. మోకాళ్ళ మధ్య పాతచీర కప్పిన బుట్ట. చీర కిందనుంచి ముక్కు బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"దీన్నెందుకు తెచ్చారండీ?"

"ఇంటికాడ మేత ఎవులెడతారు?" అని మొహం తిప్పేసుకుంది. బుట్ట మీద చీర సర్దుతూ తనే అంది: "ఇది నా కళ్ళముందుండాల బావూ. దీనికేటైనా అయితే..."

ఇద్దరిదీ ఒకటే పిచ్చి! ఆవిడ పక్కన కూలబడ్డాను.

చాలాసేపటికి లోపలనుంచి సన్నగా ఏడుపు వినిపించింది. నర్సు తలుపు తీసి, "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు," అంది. అత్తయ్య బావురుమంది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, బుట్ట మీద చీర లాగేసింది.

"ఇప్పుడు తియ్యి బావూ, ఫొటో."

ఆ ఫొటో మసగ్గా వచ్చింది. దాన్నే ఫ్రేము కట్టించాను.