మేం అన్న మాట

అయిడియాల బావ నోరు తెరిస్తే చేప కూడా సబ్బు కొనుక్కుని పోతుందని వీధిలో చెప్పుకునేవారు. ఇందులో కొన్ని కోతలున్నాయి. ఆ చేప అరువు మీద తీసుకుంది.

సబ్బు చేద్దామన్న ఆలోచన బావదే. షెడ్డు మాత్రం బావమరిదిది. తన స్కూటరును వానలో నిలబెట్టి మరీ ఖాళీ చేసిచ్చాడు. మూతపడిన తన క్యాంటీన్ నుంచి పెద్ద స్టీలు గుండిగ, అచ్చులు తెచ్చింది పిన్ని. తెడ్డు పట్టింది ఎదురింటి పహిల్వాను. గాలేస్తే గోడ పట్టుకునే మనిషి కనక ఆ పేరొచ్చింది. నూనె, కాస్టిక్ నీళ్లు చిక్కబడేదాకా తిప్పుతూనే ఉండాలి. మధ్యలో వదిలేస్తే దేని దారి దానిదే.

ఆ రోజు గుండిగ నిండా సరుకు తిరుగుతుండగా టోకు వ్యాపారి వచ్చాడు. ఆరిన సబ్బొకటి తీసి వాసన చూశాడు.

"బాగుంది. ఎవరు చేస్తున్నారు?"

"నేనేనండీ. అంతా నా బుర్రలోంచి వచ్చిందే," అన్నాడు బావ.

రేపు బండి పంపుతానని వ్యాపారి వెళ్లిపోయాడు. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. బావ ముగ్గురి వైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "చూశారా, మేం ఎంత పైకొచ్చామో," అన్నాడు.

మనం అనాల్సిన చోట మేం పడింది. తెడ్డు చప్పుడు ఆగిపోయింది.

"మేం అంటే ఎవరు బావా? నువ్వూ, గుండిగా?" అన్నాడు బావమరిది.

"గుండిగ నాదిరా. ఖాళీ అయ్యాక చెప్పు, తోమి తీసుకెళ్తా," అంది పిన్ని బావతో.

పహిల్వాను తెడ్డును గోడకి ఆనించాడు. పొద్దుటిదాకా నోరారా అన్నా అని పిలిచినవాడు, "మీ సబ్బు మీరే తిప్పుకోండి," అన్నాడు.

ముగ్గురూ వెళ్లిపోయారు. బావ తెడ్డు అందుకున్నాడు. కాసేపటికే భుజాలు పీకాయి. మొహం మండిపోతోంది, పొయ్యి సెగ అనుకుందామంటే పొయ్యి ఎప్పుడో ఆర్పేశారు. ఇన్నాళ్లూ ఈ షెడ్డులో తను చేసింది నిలబడి మాట్లాడటమే. అన్నం దగ్గర భార్యతో కూడా "నా షెడ్డు" అనే అన్నాడు, అది ఆవిడ తమ్ముడిదని ఆవిడకి తెలియనట్టు. ఆవిడ మజ్జిగ పోసింది. అది ఇప్పుడు గుర్తొచ్చింది.

వెళ్లి పిలుద్దామంటే సరుకు విడిపోతుంది. పిలవకపోతే చెయ్యి పడిపోతుంది. చివరికి తెడ్డు వదిలేసి వీధి చివరి టీ కొట్టుకు నడిచాడు. ముగ్గురూ అక్కడే ఉన్నారు.

"సబ్బు విడిపోతోంది," అన్నాడు.

"ఎవరి సబ్బు?" టీ ఊదుకుంటూ అడిగింది పిన్ని.

చేపని ఒప్పించిన నోరు నసిగింది. "మన..." అన్నాడు, చెప్పులకేసి చూస్తూ.

"వినపడలేదు బావా."

"మన సబ్బు."

టీ కొట్టులో ఉన్నవాళ్లంతా విన్నారు. పహిల్వాను గ్లాసు పెట్టి లేచాడు. బావ ప్రాణం కుదుటపడబోయింది.

"పదండి," అన్నాడు పహిల్వాను బావతో.

సబ్బు నిలబడింది, బండి కూడా వచ్చింది. తర్వాత రేపర్ల మీద "మన సబ్బు" అని అచ్చేయించాడు బావ. ఎంత మంచి మనసు, ఎంత మంచి పేరు అని ఎవరు మెచ్చుకున్నా ఆయన తల వంచుకుంటాడు. ఇప్పుడు ఆయన కూడా తెడ్డు పడతాడు. అలిసిపోగానే పహిల్వాను వచ్చి అందుకుంటాడు.

"కాస్త జరగండి," అంటాడు. అన్నా అని మాత్రం మళ్లీ అనలేదు.